తేలినీలాపురపు పక్షులు – పుట్టినింటి వరుస
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



గ్రంథాలయపు పండుగనాడు పక్షుల ప్రసంగ మేల యని కొందరికి తోచవచ్చును. కాని పుస్తకమునకును పక్షికిని నేటి చుట్టరికము కాదు. వాల్మీకి మహర్షి తమసానదీ తీరమున క్రౌంచపక్షుల జంటను చూచుచుండగా బోయవాని బాణము మగపక్షిని కూల్చెను. ఆడుపక్షి యేడ్పు విని కరగిన ఋషి నోట వెలువడిన శోకమే శ్లోకమైనదని రామాయణము చెప్పుచున్నది. అనగా ఆదికావ్యము పుట్టుటకు ముందు ఒక మనుష్యుడు ఏటియొడ్డున నిలిచి రెండు పక్షులను శ్రద్ధతో చూచెను. శ్రీనాథుని శృంగారనైషధములో నలుని చేజిక్కిన హంస తన ముసలితల్లిని, పురిటాలైన యాలిని, పసికూనలను తలచుకొని విలపించును. రాజు జాలిపడి విడుచును. విడిచెను గనుకనే దమయంతి కథ నడిచినది. పట్టుకొని పంజరమున పెట్టియుండినచో కావ్యము లేదు.

ఇట్టి కథలు చదివినవారు హంస పాలను నీళ్ళను వేరుచేయునని చెప్పగలరు. కాని టెక్కలికి చేరువనున్న తేలినీలాపురములో చింతచెట్టు కొమ్మపై పిల్లలకు చేప నందించుచున్న పక్షి పేరేమి, అది ఎచ్చటిది, ఏల వచ్చినది యని యడిగినచో చాలమంది తడబడుదురు. పుస్తకములోని హంసను ఎరిగి ఊరిచెట్టుమీది పక్షిని ఎరుగకుండుట చదువునకు వెలితి. ఆ వెలితిని కొంత పూడ్చుటయే ఈ ప్రసంగము పని.

మొదట స్థలమును చూతురు గాక. పలాస స్టేషనులో దిగి తూర్పుమొగముగా పోవువారికి జీడితోటలు, కొబ్బరితోటలు, పనసచెట్లు ఎదురగును. ఉద్దానమను పేరు ఉద్యానమను మాటనుండి వచ్చినదని పెద్దలందురు. తోటలు దాటిన పిమ్మట ఇసుకతిప్పలు, వాటి కావల సముద్రము. తీరము వెంబడి దక్షిణముగా నౌపడా, సంతబొమ్మాళి వైపు పోయిన కొలదియు నేల పల్లమగును. వానకాలమున గెడ్డలు తెచ్చిన మంచినీరును, పోటువేళ ఉప్పుటేటిగుండ ఎక్కివచ్చిన సముద్రపునీరును అచ్చట కలిసికొనును. ఈ పల్లమును ఇచ్చటివారు తంపర యందురు. సోంపేట వైపు మంచినీటి పల్లములకు బీల యని పేరు. నౌపడా ఉప్పుమళ్ళు ఈ తంపర యంచుననే యున్నవి. 1900 సంవత్సరమున నౌపడానుండి పర్లాకిమిడికి వేసిన చిన్నరైలు మార్గము ఆ ఊరిపేరును దూరమునకు మోసినది. ఉప్పు మరింత దూరమునకు మోసినది.

ఉప్పునీరు, మంచినీరు కలిసినచోట చేపయు రొయ్యయు గుడ్డుపెట్టి పెరుగును. నీరు లోతుగాదు, ఎండ అడుగుదాక సోకును, నాచు, పురుగు, నత్త విస్తారముగా పుట్టును. కనుకనే ఇట్టి కయ్యలయందు పక్షులు మూగును. ఉత్తరమున ఒరిస్సాలోని చిలికా సరస్సు ఈ జాతిలో పెద్దది. వానకాలమున అది సుమారు 1,100 చదరపు కిలోమీటర్లకు వ్యాపించును. చలికాలమున దాదాపు పదిలక్షల పక్షులు అచ్చట చేరుచున్నట్లు లెక్కలు చెప్పుచున్నవి. దక్షిణమున నెల్లూరు సీమలోని పులికాట సరస్సు రెండవది. ఈ రెండింటి నడుమ తూర్పుతీరపు పొడవున చిన్నకయ్యలు, ఉప్పుటేర్లు, తంపరలు దండలోని పూసలవలె నున్నవి. నౌపడా తంపర అట్టి పూసలలో నొకటి. పూస చిన్నదే; తెగినచో దండ తెగును.

ఇక పక్షులు. తేలినీలాపురమునకు సెప్టెంబరు మాసము మొదలు రెండుజాతుల పెద్దపక్షులు వచ్చి, చెట్లపై గూళ్ళుకట్టి, పిల్లలను పెంచి, మార్చి, ఏప్రిలు నాటికి తరలిపోవును. మొదటిది గూడబాతు. ఆంగ్లమున దీనిని పెలికన్ అందురు. రెండవది ముక్కు పసుపు, తల నారింజ, కాళ్ళు ఎరుపు, వీపుచివర గులాబిరంగు ఈకలు గల పెద్దకొంగ. దీనిని ఎర్రకాళ్ళ కొంగ యనియు రంగుల కొంగ యనియు అందురు.

గూడబాతను పేరెంత సొగసైనదో పరికింపుడు. చేనికి నీరు తోడుటకు ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క నిలిచి తాళ్ళతో ఊపి వేయు బుట్టను గూడ యందురు. ఈ పక్షి క్రిందిముక్కునకు చర్మపుసంచి వ్రేలాడును. నీటిలో ముంచగానే ఆ సంచి గూడవలె విచ్చుకొని చేపతోసహా నీటిని తోడును. పిదప పక్షి గడ్డము రొమ్మునకు ఆన్చి నీటిని మెల్లగా కార్చివేసి చేపను మ్రింగును. ఈ పేరు పెట్టినవాడు ఏ పాఠశాలలోను జంతుశాస్త్రము చదివియుండడు. పొలమున గూడవేసి, చెరువున పక్షిని చూచినవాడు మాత్రము అయియుండును. సంచిలో చేపలు దాచుకొని ఇంటికి మోసుకొనిపోవునని లోకమున నొక నమ్మకము కలదు. అది సరికాదు. సంచి వల వంటిది, గాదె వంటిది కాదు. పిల్లలకు తెచ్చు చేప కడుపులోనే వచ్చును. పిల్ల తల్లి గొంతులోనికి తలదూర్చి అందుకొనును. చూచువారికి తల్లి పిల్లను మ్రింగుచున్నదేమో యని భయము కలుగును.

ఈ పక్షి బరువు నాలుగైదు కిలోగ్రాములు. రెక్కలు చాచినచో ఏడెనిమిది అడుగులు. ఇంత బరువుగలది గాలిలో రెక్క కదపకుండ తేలిపోవుట చూచిననాడు, పుష్పకవిమానమును వర్ణించిన కవులు ఊహకు ఆధారము లేక వ్రాయలేదని తోచును. ప్రొద్దెక్కి నేల వేడెక్కిన పిమ్మట పైకెగయు వేడిగాలిని పట్టుకొని, చక్రముగా తిరుగుచు ఎత్తునకు పోయి, అచ్చటినుండి తంపరవైపు జారును. శ్రమ తక్కువ, దూరము ఎక్కువ.

రంగుల కొంగ వేట వేరు. లోకమున ‘కొంగజపము’ అను మాట కలదు. కన్నుమూసి నిలిచి మోసముతో చేపను పట్టునని కొంగకు అపకీర్తి. ఈ కొంగ యెడల ఆ నింద చెల్లదు. ఇది ముక్కును కొద్దిగా తెరచి నీటిలో ముంచి, ఇటునటు ఆడించుచు, కాలితో అడుగును కెలకుచు నడచును. బెదరిన చేప ముక్కునకు తగులగానే ముక్కు మూసికొనును. బురదనీటిలో కన్ను పనిచేయదు గనుక స్పర్శచేత వేటాడును. అది జపము కాదు, తడుములాట.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని ఊరూర చెప్పుకొందురు, పత్రికలు వ్రాయును, పలకలమీదను కనబడును. వేలమైళ్ళ దూరమునుండి వచ్చిన అతిథులని చెప్పుకొనుట ఊరికి గొప్ప. రాజస్థానములోని భరత్‌పురమునకు పూర్వము సైబీరియా కొంగలు నిజముగనే వచ్చుచుండెడివి. 2002 తరువాత అవి అచ్చట కనబడలేదు. ఆ కీర్తియే కాబోలు, చలికాలమున వచ్చు ప్రతి పెద్దపక్షికిని అంటుకొన్నది. కాని గూడబాతును, రంగుల కొంగయు సైబీరియావి కావు. రెండును భారతదేశము, సింహళము, వాటికి తూర్పుననున్న ఉష్ణదేశములకు చెందిన పక్షులే.

ఇందుకు సాక్ష్యము కొరకు పెద్ద గ్రంథములు తిరుగవేయ నక్కరలేదు. చెట్టువైపు చూచిన చాలును. వలసపక్షుల ధర్మమొకటి కలదు. ఉత్తరదేశములనుండి వచ్చు పక్షి అచ్చట వేసవిలో గూడుకట్టి, గుడ్లుపెట్టి, పిల్లలను పెంచి, మంచుకు వెరచి తిండికొరకు ఇచ్చటికి వచ్చును. ఇచ్చట తినును, తిరుగును, పోవును; గూడుమాత్రము కట్టదు. చిలికాకు వచ్చు సూదితోక బాతులు అట్టివి. హిమాలయములను దాటివచ్చు పట్టెతల బాతులు అట్టివి. తేలినీలాపురపు పక్షులో, పుల్ల తెచ్చి, గూడు అల్లి, గుడ్డుపెట్టి, పొదిగి, పిల్లను ఎగురనేర్పి మరి పోవుచున్నవి. గూడుకట్టిన చోటే పక్షికి ఇల్లు. బాడుగబండిలో దిగిన బాటసారి సత్రములో పురుడు పోసికొనునా?

మరి సైబీరియానుండి వచ్చునవి ఈ తీరమున అసలే లేవా యనిన, కలవు. వాటివంక ఎవరును చూడరు. ఉప్పుమళ్ళ గట్లవెంబడి, నీరు తీసిన బురదలో, పిచ్చుకకన్న నించుక బరువైనవియో కానివియో యన్నట్లుండు బూడిదరంగు పిట్టలు గుంపులుగా పరుగులెత్తుచు బురదను పొడుచుచుండును. వీటిలో చిన్న ఉల్లంకి బరువు సుమారు 25 గ్రాములు, అనగా రెండు తులముల పైచిలుకు. ఇది గూడుకట్టునది ఉత్తరధ్రువమునకు చేరువగా, సైబీరియా మొదలైన మంచునేలలపై. రెండు తులముల ప్రాణి అంతదూరము ఎగిరివచ్చి ఉప్పుమడిగట్టున పురుగులేరుకొని తినుచుండగా, ఆ కీర్తిని లోకము గూడబాతునకు కట్టిపెట్టినది. పెద్ద ఆకారమునకు పేరు, చిన్న ప్రాణికి శ్రమ! పక్షులలోను ఇట్లే యున్నది.

సైబీరియా పోయినచో ఊరి గౌరవము తగ్గునని ఎవరును చింతింప నక్కరలేదు. నిజము చెప్పినచో గౌరవము హెచ్చును, బాధ్యతయు హెచ్చును. తేలినీలాపురపు వృద్ధస్త్రీలు ఈ పక్షులను పురిటికి వచ్చిన ఆడపడుచులతో పోల్చుట కలదు. పండితుల వాక్యముకన్న ఈ తల్లుల మాటయే శాస్త్రమునకు దగ్గరగా నున్నది. పక్షులు ఇచ్చట పురుడు పోసికొనుచున్నవి; వాటి పిల్లలకు ఇదే పుట్టిన ఊరు. అతిథి వచ్చినచో ఒకపూట అన్నము పెట్టి పంపవచ్చును. పురిటికి వచ్చిన కూతురి విషయమట్లు కాదు. గది కావలెను, తిండి కావలెను, కాపు కావలెను. వచ్చిన వేళకు పుట్టినింటి కప్పు ఎగిరిపోయి యుండరాదు.

పక్షి యెంతెంతదూరము పోవునను విషయమున మాత్రము తొందరపడి తీర్పు చెప్పరాదు. ఇచ్ఛాపురము దగ్గరి తేలుకుంచికి వానకారుతో వచ్చు కొంగలు వేరొక జాతివి. వీటి ముక్కు రెండుదవడలు చివర కలిసినను నడుమ సందుండును. నత్తలు వీటికి ముఖ్యాహారము. ఇవి జూను మాసమున వచ్చి గూళ్ళుకట్టును. ఇవి వచ్చిన ఏడు వానలు మెండని అచ్చటి రైతుల నమ్మకము. వాన పడినగాని నత్త పుట్టదు గనుక ఈ నమ్మకమునకు వేరు లేకపోలేదు. ఈ జాతి పిల్లకు భరత్‌పురములో కాలికి ఉంగరము తొడిగి విడువగా 800 కిలోమీటర్ల తూర్పున దొరికినది. థాయిలాండులో ఉంగరము తొడిగినది 1,500 కిలోమీటర్ల పడమర బంగ్లాదేశములో దొరికినది. కనుక స్వదేశపక్షియైనను ఒకచోటనే కూర్చుండునది కాదు. నీరు, చేప, చెట్టు మూడును ఎచ్చట కుదురునో అచ్చటికి చేరును, కుదరనిచోటు విడుచును.

గూటి సంసారమును కొంత చెప్పవలెను. గూడబాతు మూడు నాలుగు తెల్లనిగుడ్లు పెట్టును. ఆలుమగలు వంతులవారీగా ముప్పదిదినముల వరకు పొదుగును. పుట్టిన పిల్లకు ఈకయుండదు. కొలదిదినములకు తెల్లని నూగు వచ్చును. ఎగురుటకు మూడుమాసములకు పైగా పట్టును. పెద్దపక్షులు దాదాపు మూగవి. చెట్టుమీది కోలాహలమంతయు పిల్లలదే. రంగుల కొంగ మధ్యాహ్నపుటెండలో పిల్లలపై రెక్కలు గొడుగువలె విప్పి, తాను ఎండలో నిలిచి, నీడను పిల్లల కిచ్చును. ఈ దృశ్యమును చూచిన పిల్లవానికి మాతృప్రేమనుగూర్చి వ్యాసము వ్రాయుట నేర్ప నక్కరలేదు.

అయితే దూరమునుండి చూచువారికి సొగసైనది దగ్గరనుండువారికి కొంత కష్టము. గూళ్ళక్రింద రెట్ట తెల్లగా పరచుకొనును. జారిపడిన చేపలు కుళ్ళి వాసన వేయును. పెరటిలో బట్టలు ఆరవేయుట కష్టము. చెట్టు యజమాని కొమ్మ కొట్టుకొనలేడు, ఫలసాయమును నిశ్చింతగా కోసికొనలేడు. చూడవచ్చినవారు సాయంకాలమునకు బస్సెక్కి పోదురు. వాసనతో కాపురముండునది ఊరివారు. అందుచేత ఈ పక్షులను కాపాడినవారెవరని యడిగినచో, మొదట ఊరివారి ఓరిమిని చెప్పి, తరువాతనే తక్కినవారి పేర్లు చెప్పవలెను.

ఇట్టి ఓరిమికి లెక్కలలో కెక్కిన పూర్వోదాహరణ మొకటి కలదు. తమిళదేశమున మధురాంతకమునకు చేరువ వేడంతాంగలను గ్రామమున్నది. అచ్చటి చెరువులోని చెట్లపై పక్షులు వేలకొలది గూళ్ళుకట్టును. వాటి రెట్ట చెరువునీటిలో కలియుటచేత ఆ నీరు పొలమునకు ఎరువుతో సమానమని రైతు లెరుగుదురు. తెల్లసిపాయీలు వచ్చి తుపాకులతో పక్షులను కొట్టుచుండగా గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. 1798 సంవత్సరమున చెంగల్పట్టు కలెక్టరు లయనెల్ ప్లేస్ ఆ పక్షులను కాపాడు హక్కును గ్రామమునకు ఒప్పుకొనెను. 1858లో ఆ హక్కు మరల స్థిరపడెను. వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చినది 1972లో. చట్టమునకు 174 సంవత్సరములు ముందే ఒక పల్లె తన పక్షులకొరకు సర్కారునుండి కాగితము సంపాదించినది.

కాపాడనిచో ఏమగునో దానికిని ఉదాహరణము ఆంధ్రదేశముననే కలదు. కొల్లేటిసీమలో ఆరేడు గ్రామమున గూడబాతులు చెట్లపై గూళ్ళుకట్టుట 1946లో కె. కె. నీలకంఠన్ అను పండితుడు చూచి లోకమునకు తెలిపెను. ఆనాడు ఆ స్థలమున మూడువేల వరకు పక్షులుండెను. 1975 ప్రాంతమునకు అది శూన్యమయ్యెను. ముప్పదేండ్లు, ఒక తరము. తాత చూచినది మనుమడు చూడలేదు. తరువాత కొల్లేరును 1999లో పక్షిసంరక్షణ స్థలముగా ప్రకటించిరి. కైకలూరునకు చేరువ ఆటపాకలో చెట్లకు తోడు ఇనుప మంచెలు నిలుపగా గూడబాతులు వాటిమీదనే గూళ్ళుకట్టసాగినవి. నెల్లూరుసీమలో నేలపట్టు 1976నుండి సంరక్షణస్థలము. అచ్చట నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు పిల్లలను పెంచుచున్నవి. ప్రపంచమంతట వెదకినను ఈ జాతిపక్షులు విస్తారముగా లేవు. కనుక ఒకచోట చెట్టు కూలిన వార్త ఒక ఊరివార్త మాత్రమే కాదు.

తేలినీలాపురమునకు వచ్చిన ఆపదలును కొన్ని కలవు. 2018 అక్టోబరు 11వ తేది వేకువజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరమును దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి, పనస నేలకొరిగినవి. రైతు రెండుతరముల కష్టము ఒక రాత్రిలో పోయినది. ఆ దుఃఖములో పక్షిని తలచుకొను తీరిక ఎవరికుండును? కాని అక్టోబరు పక్షులు గూళ్ళకు చెట్లు వెదకికొను మాసము. కొబ్బరి మరల నాటినచో కొన్నియేండ్లకు కాయును. గూడబాతు బరువు మోయగల చింతచెట్టు పెరుగుటకు ఒక మనుష్యుని యాయుర్దాయము కావలెను.

మరల 2021 డిసెంబరులో వేరొక విపత్తు. గూళ్ళలోను చెట్లక్రిందను నూరుకుపైగా గూడబాతులు చచ్చిపడినవి. కడుపులో చేరిన నులిపురుగులే కారణమనియు, తిన్న చేపలద్వారా అవి చేరియుండుననియు పరీక్షించినవారు భావించిరి. చెట్టు క్షేమముగా నున్నది, ఊరివారు రాయి విసరలేదు, వేటగాడు రాలేదు. ఐనను పక్షులు చచ్చినవి. దీనినిబట్టి తెలియునదేమి? గూటిని కాపాడినంత మాత్రమున చాలదు. తల్లి చేపపట్టు నీరును కాపాడవలెను. పురిటిగది ఇంటిలో నున్నను వంటయిల్లు తంపరలో నున్నది.

ఈ తంపర విషయమే అసలు విషయము. రెవెన్యూ లెక్కలలో ఇట్టి పల్లములు తరచుగా పోరంబోకనియో బంజరనియో వ్రాయబడును. శిస్తు లేదు గనుక ఫలసాయము లేదని అర్థము చేసికొనుట సులభము. వ్రాసినవాని తప్పు కాదు; అడంగలు కాగితములో నత్తకు, రొయ్యకు, తుంగకు, పక్షికి గడులు లేవు. కాని లెక్క సరిగా వేసిచూడుడు. వానకాలమున పైనుండి వచ్చిన వెల్లువను తంపర పట్టి నిలుపకున్నచో అది ఊళ్ళపై పడును. చేపపిల్ల తంపరలో పెరుగకున్నచో బెస్తవాని వలలో చేప పడదు. తుంగ పెరుగకున్నచో చాప లేదు. పశువులకు ఎండకాలమున పచ్చిక లేదు. ఇవన్నియు జమలో చూపక, ఆ నేలను ఖర్చుచేసిన నాడు మాత్రము ఆదాయము చూపుట లెక్క కాదు.

ఈ జిల్లాలో పల్లపునేలల కొరకు ఘర్షణలు జరిగినవి. 2010 జూలై 14న సోంపేట బీలలో కట్టదలచిన విద్యుత్కేంద్రము విషయమున కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఆనాడే ఆ నిర్మాణమునకిచ్చిన పర్యావరణానుమతి రద్దయ్యెను. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపరలోను ఇట్లే కాల్పులు, ప్రాణనష్టము. 2023 ఏప్రిలు 19న మూలపేటలో ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. ఉద్దానపు యువకులు కూలికొరకు దేశదేశములు తిరుగుచున్నారు. వారికి ఇంటిదగ్గర పని దొరకుట అందరును కోరదగినది. విద్యుత్తు వలదని, ఓడ వలదని ఈ ప్రసంగము చెప్పుట లేదు. ఒక నేలను మార్చుటకు ముందు ఆ నేల ఇప్పుడు చేయుచున్న పనిని వ్రాసి, చదివి, ఎరిగి మరి నిర్ణయింపవలెనని మాత్రము చెప్పుచున్నది. ఎరిగి విడుచుట వేరు. ఎరుగక పోగొట్టుకొనుట వేరు.

ఎరుగుటకు మార్గము చూచుట. పక్షులను చూచుట దొరల వినోదమని కొందరి తలంపు. ఆంధ్రదేశపు చరిత్రలో దీనికి చక్కని సమాధానము కలదు. కలివికోడి యను పక్షి 1900 తరువాత ఎవరి కంటను పడలేదు. నశించినదని పండితులు నిశ్చయించుకొనిరి. 1986లో కడపజిల్లా రెడ్డిపల్లె దగ్గర దానిని మరల పట్టియిచ్చినవాడు ఐతన్న యను పల్లెటూరి పిట్టలవేటగాడు. దూరదర్శనియంత్రమున్న పండితులకు దొరకనిది, పొదలమధ్య రాత్రివేళ నడక నెరిగినవానికి దొరకినది.

చూడదలచిన వారికి నియమములు కొలదియే. తెల్లవారుజామున గాని సాయంకాలమున గాని పోవలెను. మెరయు రంగుల బట్టలు కూడదు. గూళ్ళచెట్టు మొదట నిలువక దూరముగా నుండవలెను. వీక్షణగోపురమున్నచోట అచ్చటినుండి చూడవలెను. టపాకాయలు, చప్పట్లు, పాటలపెట్టెలు పనికిరావు. పక్షి బెదరి ఒక్కసారి లేచినచో గూటిలోని గుడ్డు జారును, లేదా పిల్ల యెండకు వాడును, లేదా కాకి తన్నుకొనిపోవును. పక్షి ఎగురుచుండగా బొమ్మతీయవలెనని రాయి విసరు మహానుభావులు కూడ కలరు. వారికి నలుని కథ చదివి వినిపించవలెను. చెట్టునుండి పిల్ల జారిపడినచో ఇంటికి కొనిపోక అటవీశాఖవారికి తెలుపవలెను.

చూచినదానిని వ్రాయవలెను. ఇందుకు గ్రంథాలయముకన్న తగినచోటు లేదు. ఒక పెద్దనోటుపుస్తకము, గీతలుగీచిన ఐదుగడులు: తేది, స్థలము, పక్షిపేరు, సంఖ్య, విశేషము. మొదటి గూడబాతు ఏనాడు వచ్చినది? ఎన్ని చెట్లపై ఎన్ని గూళ్ళు? ఎన్ని పిల్లలు ఎగిరినవి? చివరిపక్షి ఏనాడు పోయినది? తంపరలో నీరు ఎంత? పాఠశాల విద్యార్థులు నలుగురు చాలును. ఒక యేడు వ్రాసినచో అది ముచ్చట. పదియేండ్లు వ్రాసినచో సాక్ష్యము. ఇరువదియైదేండ్లు వ్రాసినచో ఏ కచేరీయు కాదనలేని దస్తావేజు. వేడంతాంగలువారికి హక్కు లభించినది మొరవలన మాత్రమే కాదు, మొర కాగితముమీద నిలుచుటవలన. సైబీరియాకథ ఇంతకాలము నిలుచుటకును కారణమిదే. చెప్పినవారు పెక్కురు, చూచి వ్రాసినవారు తక్కువ.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. బీరువాలలో ఇతరులు వ్రాసిన పుస్తకములు వందలున్నవి. ఈ రజతోత్సవమునాడు ఊరు తానై వ్రాయు పుస్తకమొకటి ఆ బీరువాలో చేరవలెనని కోరిక. మొదటి పుట రాబోవు సెప్టెంబరునకు సిద్ధము కావలెను. ఆ పుస్తకమునకు ఏ విద్వాంసుని పీఠికయు అక్కరలేదు. తేలినీలాపురపు అవ్వ చెప్పిన మాటయే మొదటిపంక్తిగా వ్రాసికొనవచ్చును: ‘పురిటికి వచ్చినవి.’

ఆడపడుచు మరల వచ్చువేళకు చెట్టు నిలిచియుండును గాక. తంపర నిండియుండును గాక. స్వర్ణోత్సవమునాడు ఈ సభలో కూర్చుండువారు ఆ పుస్తకమును తెరచి, లెక్కలు సరిచూచుకొని, పక్షులు ఇంకను వచ్చుచున్నవని చెప్పుకొందురు గాక.

స్వస్తి.